వరద తగ్గాక ఇంట్లోకి అడుగుపెట్టే ముందు

2022 వరదల్లో పాకిస్తాన్‌లో 1,700 మందికి పైగా చనిపోయారు. సింధ్‌లో కొన్నిచోట్ల నీళ్లు నెలల తరబడి కదల్లేదు. అలాంటి ఊరికి తిరిగి వెళ్లేవాళ్లు చూసుకోవాల్సినవి:

- ముందు మట్టి గోడలు. పైన ఆరినట్టే ఉంటాయి, అడుగున ఇంకా మెత్తగానే ఉంటాయి. బయట నుంచే చుట్టూ తిరిగి చూడండి. గోడ ఒరిగినా, గోడ అడుగున మట్టి కరిగి గాడి పడినా లోపలికి వెళ్లొద్దు. సామాన్ల మీద ఆశతో వెళ్లాలనిపిస్తుంది, అక్కడే ప్రమాదం.
- నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు.
- బట్టల మూటల్ని పొడవాటి కర్రతో కదపండి. పాములుంటాయి.
- చేతిపంపు నీళ్లు తేటగా ఉన్నా మరిగించాకే తాగాలి.
- దోమతెర మరవొద్దు. ఆ వరద తర్వాత సింధ్‌లో మలేరియా విపరీతంగా పెరిగింది.