బొంబాయి ట్రాలీబస్సు చరిత్రను మన ఇంటి పెద్దల దగ్గర ఎలా సేకరించాలి?

వరంగల్ కొత్తవాడలో మా పెద్దనాయిన ఇంటి అరుగు మీద కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా చివరికి బొంబాయికే పోతుంది. పదిహేడో ఏట మిల్లు పనికి వెళ్లిన మనిషి, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల వైపు నేత కుటుంబాల్లో ఇలా బొంబాయికో, భీవండికో పోయొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. ఒకసారి ఆయన "తీగెల బస్సు" అన్నాడు. ట్రామ్ గురించి చెబుతున్నాడనుకుని నేను పట్టించుకోలేదు. అది ట్రాలీబస్సు, అంటే పట్టాలు లేకుండా పైనున్న కరెంటు తీగలతో నడిచే బస్సు అని చాలా రోజుల తర్వాత అర్థమైంది.

బొంబాయిలో ఆ బస్సు తొమ్మిదేళ్లు కూడా పూర్తిగా నడవలేదు. పనికి పోయి దాన్ని ఎక్కిన మనవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. అందుకే ఈ పని వచ్చే పండక్కి చూద్దాంలే అని వాయిదా వేయకండి.

ముందు ఈ తేదీలు దగ్గర పెట్టుకోండి

బొంబాయిలో గుర్రాలు లాగే ట్రామ్ 1874లో మొదలైంది, కరెంటు ట్రామ్ 1907లో వచ్చింది. మోటారు బస్సులు 1926 నుంచి నడిచాయి. ట్రాలీబస్సు 1962 జూన్ 11న మొదలైంది. గోవాలియా ట్యాంక్ నుంచి మజ్‌గావ్ డాక్ దాకా ఒకే రూటు, 12 బండ్లు. నడిపింది బొంబాయి సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ. ఆఖరి ట్రామ్ 1964 మార్చి 31న ఆగింది. ట్రాలీబస్సులు మాటిమాటికీ చెడిపోతుండటంతో 1971 మార్చి 24న వాటిని కూడా తీసేశారు.

ముంబై మ్యాపు తీసి గోవాలియా ట్యాంక్‌కూ మజ్‌గావ్ డాక్‌కూ మధ్యలో వేలు పెట్టండి. కామాటిపుర తగులుతుంది. నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్లిన మన కామాటీల వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చింది. అంత పెద్ద బొంబాయిలో ఆ ఒక్క రూటు మనవాళ్లున్న చోటికి అంత దగ్గరగా ఉందని చూసినప్పుడే నాకు ఈ పని మీద పట్టుదల పెరిగింది.

ట్రామా, ట్రాలీబస్సా తేల్చుకోండి

అసలు కష్టమంతా ఇక్కడే. మన పెద్దలు రెంటినీ ట్రామ్ అనే అంటారు. "అది ట్రాలీబస్సేనా?" అని అడిగితే మనకు నచ్చుతుందని "అవును" అనేస్తారు. కాబట్టి పేరు అడగకండి, బండి ఎట్లా ఉండేదో అడగండి.

దానికి ముందు బండి ఎలా పనిచేసేదో మీకు తెలియాలి. కరెంటు ఒక దారిన వచ్చి మోటారును తిప్పాక, తిరిగి పోవడానికి ఇంకో దారి కావాలి. ట్రామ్‌కు ఆ దారి కిందున్న ఇనుప పట్టాలే, అందుకే పైన ఒక్క తీగ చాలు. ట్రాలీబస్సుకు రబ్బరు టైర్లు. రబ్బరులో కరెంటు పారదు. అందువల్ల పైన రెండు తీగలు, వాటిని తాకుతూ బస్సు కప్పు మీద రెండు పొడుగాటి కడ్డీలు ఉండాలి. పట్టాలు లేవు కాబట్టి రోడ్డు మీద ఎద్దుబండి అడ్డమొస్తే కడ్డీలు అందినంత మేర పక్కకు తప్పుకుని పోగలదు. ట్రామ్‌కు ఆ వీలు లేదు, బండి తప్పుకునేదాకా ఆగాల్సిందే.

ఇవి మనసులో పెట్టుకుని నేను మళ్లీ వెళ్లి అడిగాను.

"పెద్దనాయిన, ఆ బండికి కింద పట్టాలున్నయా?"

"పట్టాలేడియి బిడ్డా, టైర్లే. మీద రెండు కట్టెలుండె. మలుపుకాడ ఒక్కోపారి ఒక కట్టె తీగె నుంచి జారేది. ఠక్కున బండి ఆగేది. కండక్టరు దిగి తాడు గుంజి మళ్ల తీగెకు తలిగిచ్చెటోడు. మేం లోపల్నే కూసునేది."

చెబుతూ చెబుతూ రెండు చేతులూ పైకెత్తి, తల వెనక్కి వాల్చి, కనపడని తాడును అటూ ఇటూ లాగి చూపించాడు. ఆ చేతుల కదలికే నాకు దొరికిన పెద్ద ఆధారం. ట్రాలీబస్సు కడ్డీ తీగ నుంచి జారితే మళ్లీ తగిలించేది సరిగ్గా అలాగే. మీరు వీడియో తీస్తుంటే ముఖం ఒక్కటే కాకుండా చేతులు కూడా పడేలా ఫోను పెట్టండి.

సంవత్సరం అడగకండి

"ఏ సంవత్సరంలో?" అంటే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది, నోటికొచ్చిన అంకె చెబుతారు. దాని బదులు పెళ్లికి ముందా తర్వాతా, పెద్దకొడుకు పుట్టాడా లేదా, చైనా యుద్ధం అప్పటికి అయిందా, 69 తెలంగాణ లొల్లికి ఊళ్లో ఉన్నారా బొంబాయిలోనా అని అడగండి. ఆ తర్వాత తేదీలు మీరే కట్టుకోవచ్చు. ఆయన బొంబాయిలో ట్రామ్ కూడా ఎక్కానంటే, 1964 మార్చి అయిపోకముందే అక్కడికి చేరినట్టు. ట్రామ్ చూడలేదు గానీ తీగల బస్సు ఎక్కానంటే, ఆ తర్వాత వెళ్లి ఉంటాడు. అది కూడా 1971 మార్చి లోపే.

మాట పొంతన కుదరకపోతే అక్కడే తప్పు పట్టొద్దు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, పక్కన మీ అనుమానం వేరే రంగు ఇంకుతో రాయండి.

ఇంట్లో ఉన్న ఇనుప పెట్టె తెరిపించండి

ఫొటోల కంటే నాకు మనియార్డరు కూపన్లు ఎక్కువ పనికొచ్చాయి. బొంబాయి నుంచి ఇంటికి డబ్బు పంపినప్పుడు ఆ చిన్న ముక్క మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ పడేవి. పంపిన మనిషి ఏ పేటలో ఉండేవాడో కూడా తెలుస్తుంది. ఇన్‌లాండ్ లెటర్లు, మిల్లు గుర్తింపు కార్డు, పీఎఫ్ చీటీ కూడా అంతే. రెండు వైపులా ఫొటో తీసుకుని కాగితం అక్కడే పెట్టేయండి, ఇంటికి తీసుకుపోకండి. ఉత్తరాల్లో ఇంటి గొడవలు, అప్పులు ఉంటాయి. వాళ్లను అడగకుండా ఒక్క లైను కూడా బయట పెట్టొద్దు.

రికార్డింగు సంగతి

ఫ్యాన్ ఆపండి, ఫోను ఆయన ఒడికి దగ్గరగా పెట్టండి, గంట దాటనివ్వొద్దు. పెద్దమ్మను కూడా పక్కన కూర్చోబెట్టండి. ఆయన మరిచిపోయిన పేర్లు ఆమె అందిస్తుంది.

సరిచూసుకోండి, చదివి వినిపించండి

ముంబై వెళ్లే పని పడితే ఆనిక్ డిపోలో ఉన్న బెస్ట్ మ్యూజియం చూడండి. లేదంటే మీ జిల్లా గ్రంథాలయంలో పాత పత్రికల బైండింగులు ఉన్నాయేమో అడగండి. 1962 జూన్, 1971 మార్చి నెలలవి తిరగేస్తే చాలు.

రాయడం అయ్యాక కాగితం పట్టుకుని మళ్లీ ఆ అరుగు మీదికే వెళ్లాలి. నేను నాలుగు పేజీలు చదివి వినిపించాను. పెద్దనాయిన కళ్లు మూసుకుని విన్నాడు. మూడో పేజీ దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"తాడు ముందట లేకుండె బిడ్డా. బస్సు ఎనుక ఏలాడేది. అది మార్చు."

మార్చాను.