కొత్త కారు పదే పదే మొరాయిస్తుంటే, కేస్ షీటు రాసినట్టు రాసిపెట్టండి

నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఇల్లు తెనాలిలో. నైట్ డ్యూటీలకు బస్సుల కోసం ఎదురుచూడలేక, దాచుకున్న డబ్బుకు బ్యాంకు లోను కలిపి కారు కొన్నాం. బిల్లు 10 లక్షల 80 వేలు. నాలుగో వారం, రాత్రి ఎనిమిదింటికి బుడంపాడు దగ్గర యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి వేగం అందుకోలేదు. పికప్ పూర్తిగా పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. వెనకాలే ఇసుక లారీ. ఎలాగో పక్కకు తీసి ఆపాను. మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే నడిచింది.

అది నయం కావడానికి 7 నెలలు పట్టింది. ఐదుసార్లు వర్క్‌షాప్‌కు తిరిగాను. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మీకు చెప్తాను.

మొదటిసారి నేను జరిగిందంతా నోటితో చెప్పాను. సర్వీస్ అడ్వైజర్ తల ఊపి, జాబ్ కార్డులో, అంటే బండి అప్పగించేటప్పుడు వర్క్‌షాప్ మన కంప్లయింట్ రాసుకునే కాగితంలో, 'జనరల్ చెకప్' అని రాశారు. సంతకం పెట్టి వచ్చేశాను. మూడు వారాల తర్వాత మళ్లీ అదే జరిగి వెళ్తే, "మేడమ్, రికార్డు ప్రకారం ఈ కంప్లయింట్ ఇదే మొదటిసారి" అన్నారు. మా వృత్తిలో కేస్ షీటులో రాయనిది చేయనట్టే లెక్క. కారు విషయంలో జాబ్ కార్డే ఆ కేస్ షీటు.

కాబట్టి అందులో మీ మాటలే రాయించండి. 'రన్నింగ్ ప్రాబ్లమ్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. నేను రెండోసారి ఇలా రాయించాను: '12వ తేదీ రాత్రి 8.10కి, మీటరు 1,940 దగ్గర, 50 స్పీడులో ఉండగా పికప్ పోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది.' రాశాక చదివి, ఫోటో తీసుకుని, అప్పుడు సంతకం పెట్టండి. బండి తిరిగి ఇచ్చేటప్పుడు పని బాగుందని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. దాని మీద 'సమస్య తగ్గిందో లేదో వాడి చూశాక చెప్తాను' అని మీ చేత్తో రాసి పెట్టండి. వాళ్లు కాస్త నసుగుతారు, అయినా రాయండి. ఏం చేశారో, ఏ పార్టు మార్చారో బిల్లులో ఉండాలి. వారంటీలో ఉచితంగా చేశారు కదా అని కాగితం తీసుకోకుండా రావద్దు.

ఇంట్లో ఒక చిన్న నోట్‌బుక్ కూడా పెట్టండి. తేదీ, టైము, మీటరు రీడింగు, స్పీడు, వాన ఉందా, రోడ్డు ఎలా ఉంది, ఎంతసేపు నడిపాక వచ్చింది. నాకు దారి చూపించింది ఆ పుస్తకమే. తొమ్మిదిసార్లు రాశాక తిరగేసి చూస్తే, ఏడుసార్లు గతుకుల రోడ్డు దాటిన కాసేపటికే పికప్ పోయింది.

వచ్చి పోయే జబ్బుకు ఇంకొక చిక్కు ఉంది. ఛాతీ నొప్పి తగ్గాక తీసిన ఈసీజీ ఒక్కోసారి నార్మల్‌గానే వస్తుంది. నొప్పి ఉన్నప్పుడు తీసిందే అసలు సంగతి చెబుతుంది. కారులోనూ అంతే. చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు కారు కంప్యూటర్ ఒక ఫాల్ట్ కోడ్ దాచిపెడుతుంది. దానితోపాటు ఆ క్షణంలో స్పీడు, ఇంజిన్ వేడి లాంటివి కూడా నమోదవుతాయి. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. స్కానర్ పెట్టి కోడ్ చెరిపేశారంటే ఇదంతా పోతుంది. అందుకే "చెరిపే ముందు ప్రింట్ ఇవ్వండి, లేదా స్క్రీన్ ఫోటో తీసుకోనివ్వండి" అని అడగండి. బ్యాటరీ వైరు పీకి పెడితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. దానివల్ల కూడా కోడ్ పోవచ్చు.

వీడియో తీస్తే మంచిదే, కానీ నడుపుతూ ఫోన్ పట్టుకోవద్దు. పక్కన కూర్చున్నవాళ్లు మీటరు, లైటు కనబడేలా తీయాలి.

మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి కూడా వెళ్లాను. "అక్కా, నేను చెయ్యి పెడితే రేపు కంపెనీవాళ్లు నా మీదకే తోస్తారు. వారంటీ ఉన్నన్నాళ్లు బయట విప్పించకు" అన్నాడు. అతను చెప్పింది నిజం. బయట హారన్లు, లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టించి వైర్లు కోయించినా అదే సాకు దొరుకుతుంది. ఉచిత సర్వీసులు కూడా గడువు దాటనివ్వకండి.

నాలుగోసారి వెళ్లినప్పుడు 12 కిలోమీటర్లు నడిపి చూశామని, ఏ లోపమూ కనిపించలేదని రాసిచ్చారు. అప్పుడు నేను వర్క్‌షాప్ మేనేజర్ దగ్గర కూర్చుని, "మీ టెక్నీషియన్‌ను నాతో పంపండి. నేను వెళ్లే దారిలో, నేను వెళ్లే టైముకే నడుపుదాం" అని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. కారుకు ల్యాప్‌టాప్ తగిలించుకుని ఒక అబ్బాయి పక్కన కూర్చున్నాడు. మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు గతుకులు దాటగానే పికప్ పోయింది, అతని కళ్ల ముందే. మీకు కూడా ఇదే చెప్తాను. లోపం ఎక్కడ వస్తుందో అక్కడికే వాళ్లను తీసుకెళ్లండి.

యాక్సిలరేటర్ పెడల్ దగ్గర కనెక్టర్‌లో ఒక పిన్ను వదులుగా ఉందట. ఇప్పటి కార్లలో పెడల్‌కు కేబుల్ ఉండదు, రెండు సెన్సర్లు ఉంటాయి. ఆ రెండూ వేర్వేరు రీడింగులు పంపితే కంప్యూటర్ ప్రమాదం రాకూడదని పవర్ తగ్గించేస్తుంది. దీనికోసం అంతకుముందు సాఫ్ట్‌వేర్ మార్చారు, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, పెట్రోల్ పంపు మార్చారు.

లోపం తెలిశాక కూడా ఆ వైరింగ్ వారంటీలోకి రాదేమో అని నాన్చారు. అప్పుడు ఫోన్లు మానేసి మెయిల్ పెట్టాను. షోరూముకూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ కలిపి ఒకటే మెయిల్. చాసిస్ నంబరు, కొన్న తేదీ, ఐదు జాబ్ కార్డుల నంబర్లు, ఒక్కోదానికి ఒక్క వాక్యం, చివర నేను కోరేదేమిటో, దానికి 15 రోజుల గడువు. కోపం ఎంత ఉన్నా మెయిల్లో తిట్లు రాయకండి. రేపు కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ ముందు చదివేది దాన్నే. మెయిల్ పెట్టిన రోజే 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. పదకొండో రోజు కంపెనీ ఇంజినీరు వచ్చి, వైరింగ్ మొత్తం ఉచితంగా మార్చడానికి ఒప్పుకున్నారు.

అలా ఒప్పుకోకపోతే నేను కేసు వేసేదాన్ని. టెక్సాస్‌లో ఉండే మా అక్క కొడుకు "ఇక్కడ లెమన్ లా ఉంది పిన్నీ, మనకు లేదా?" అని అడిగాడు. పదే పదే చెడిపోయే కొత్త కారును కంపెనీ మార్చివ్వాలనో, డబ్బు వాపసు ఇవ్వాలనో చెప్పే చట్టం అది. మన దేశంలో కార్ల కోసం ప్రత్యేకంగా అలాంటి చట్టం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం. 50 లక్షల వరకు చెల్లించి కొన్న వస్తువుకు జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, షోరూము ఉన్న ఊరికి పోనక్కర్లేదు. నా బండి ధరకు ఫీజు 400 రూపాయలే. గడువు రెండేళ్లు, కాబట్టి 'రేపు చూద్దాం, ఎల్లుండి చేద్దాం' అంటున్న షోరూమును నమ్మి కాలం పోగొట్టుకోకండి. డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టాలి. లేకపోతే ఒకరు ఇంకొకరి మీదకు తోసేస్తారు.

కొత్త కారే ఇమ్మని అడిగే ముందు ఒక విషయం ఆలోచించండి. పార్టు మారిస్తే పోయే లోపానికి బండి మొత్తం మార్చాల్సిన పని లేదని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. తయారీలోనే లోపముందని నిరూపించే భారం ఎక్కువగా మన మీదే పడుతుంది. పరీక్ష అవసరమైతే తగిన ల్యాబ్‌కు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది, అది మనమే అడగాలి. ఈలోపు లోను వాయిదాలు ఆపకండి. లోపం కారుది, బాకీ బ్యాంకుది.

ఒక మాట చాలా గట్టిగా చెప్తున్నాను. బ్రేకు, స్టీరింగు, కాలిన వాసన, ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా నడుపుకుంటూ వర్క్‌షాప్‌కు వెళ్లొద్దు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి, బండిని ఎక్కించి పంపండి. ఆ టోయింగ్ స్లిప్పు కూడా ఫైల్లో పెట్టండి.

వైరింగ్ మార్చిన రోజు జాబ్ కార్డులో పార్టు నంబరు రాయించాను. ఆ వైరింగ్‌కు రెండేళ్లు అదనపు వారంటీ ఇస్తామని నోటితో అన్నారు. ఆ మాట చాసిస్ నంబరుతో సహా మెయిల్లో వచ్చేదాకా షోరూములోనే కూర్చున్నాను. సాయంత్రం ఆరున్నరకు వచ్చింది. చదువుకుని, తాళాలు తీసుకుని డ్యూటీకి బయల్దేరాను.