విండోస్ 11 అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ మొరాయిస్తే

అప్‌డేట్ పూర్తయ్యాక కంప్యూటర్ నెమ్మదించినంత మాత్రాన కంగారు పడనవసరం లేదు. కొన్ని పనులు తెర వెనుక ఇంకా సాగుతుంటాయి కనుక, ఛార్జర్ తగిలించి కొన్ని గంటలు వదిలేసి, తర్వాత రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సమానం కాదు, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ అమలులో ఉంటే షట్‌డౌన్ సిస్టమ్ స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో భద్రపరచి మళ్లీ దాన్నే తెరుస్తుంది.

శబ్దం, వైఫై, ప్రింటర్‌లలో ఏదో ఒకటే పనిచేయకపోతే ముందుగా అనుమానించవలసింది డ్రైవర్‌ను, అంటే ఆ పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌ను. స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, ఆ పరికరం ప్రాపర్టీస్‌లోని డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే తయారీదారు వెబ్‌సైట్ నుంచి తెచ్చుకోవాలి. ప్రకటనల్లో కనిపించే ఉచిత డ్రైవర్ అప్‌డేటర్ల జోలికి మాత్రం వెళ్లకూడదు.

ఇబ్బంది మొత్తం సిస్టమ్‌ది అయితే, నెలవారీ అప్‌డేట్‌ను సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ద్వారా తొలగించవచ్చు. భద్రతా సవరణలు కూడా దానితో పోతాయి కాబట్టి దీన్ని తాత్కాలిక ఉపాయంగానే చూడాలి. ఏడాదికొకసారి వచ్చే పెద్ద వెర్షన్ నుంచి వెనక్కి వెళ్లడానికి సిస్టమ్, రికవరీ కింద ఉండే గో బ్యాక్‌కు సాధారణంగా 10 రోజులే గడువు. ఈలోగా స్థలం కోసం, పాత వెర్షన్ ఫైళ్లుండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

డిస్కులోని సమాచారానికి తాళం వేసి ఉంచే విండోస్ రక్షణ బిట్‌లాకర్ నీలి తెరపై 48 అంకెల రికవరీ కీ అడిగితే, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి అక్కడ వెతకండి. ఆ కీ లేకుండా డిస్కులోని ఫైళ్లను మరమ్మతు దుకాణం వారు సైతం తెరవలేరు. అది దొరకకముందే డిస్కును చెరిపివేసే రీసెట్‌కు ఒప్పుకోకండి.