ఇంగ్లండ్ అడవిలో ఫీల్డ్ ఆర్చరీ కోర్సు: కౌన్సిల్ అనుమతికి దరఖాస్తు విధానం

ఫీల్డ్ ఆర్చరీ అంటే అడవి బాట వెంట అక్కడక్కడ పెట్టిన గురిబొమ్మలకు నడుస్తూ బాణాలు వేసే ఆట, ఆ బాటే కోర్సు. దానికోసం మా క్లబ్బు పెట్టిన దరఖాస్తు మొదటిసారి రెండు వారాల్లోనే వెనక్కి వచ్చింది. తిరస్కరించి కాదు, అసలు పరిశీలనకే తీసుకోకుండా. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లు ఇదే తప్పు మళ్లీ చేయకూడదని రాస్తున్నాను.

ముందు అనుమతి అవసరమో కాదో తేల్చుకోండి. ఇంగ్లండ్‌లో 2015 నాటి ఉత్తర్వు ప్రకారం ఖాళీ స్థలాన్ని ఏడాదికి 28 రోజుల వరకు తాత్కాలికంగా వేరే పనికి వాడుకోవచ్చు, ప్లానింగ్ అనుమతి అక్కరలేదు. నెలకు రెండు ఆదివారాలు బాణాలు వేస్తే 24 రోజులు, ఏ ఇబ్బందీ లేదు. ప్రతి ఆదివారం అంటే 52. అప్పుడు భూ వినియోగ మార్పు కోసం దరఖాస్తు చేయాల్సిందే.

దరఖాస్తు ప్లానింగ్ పోర్టల్ అనే వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లో చేయవచ్చు. ఫారం, రుసుము, 1:1250 లేదా 1:2500 కొలతలో మ్యాపు. వీటితో పెద్ద తంటా లేదు. తంటా అంతా యాజమాన్య ధ్రువపత్రం (స్థలం ఎవరిదో తెలిపే సర్టిఫికెట్) దగ్గర. ఒకే ఒక్క పేజీ. దాన్ని నింపిపెడతామని వందల పౌండ్లు అడిగిన ఏజెంట్లను చూశాను.

స్థలం మొత్తానికి దరఖాస్తుదారు ఒక్కరే యజమాని అయితే సర్టిఫికెట్ ఏ. క్లబ్బులకు సాధారణంగా సొంత అడవి ఉండదు, కాబట్టి సర్టిఫికెట్ బి. మేము అడవి యజమానికి నోటీసు ఇచ్చి బి పెట్టాం. అయినా వెనక్కి వచ్చింది. మ్యాపులో దరఖాస్తు స్థలం హద్దు చూపే మా ఎర్ర గీత అడవి గేటు దగ్గర ఆగిపోయింది. అది రోడ్డు దాకా వెళ్లాలి. గేటుకూ రోడ్డుకూ మధ్య ఉన్న మట్టిబాట పక్క రైతుది. గీత అక్కడి దాకా లాగితే ఆయనకూ నోటీసు వెళ్లాలి. ఆ అడవి కూడా అన్నదమ్ములిద్దరి పేర ఉందని తరవాత తెలిసింది. మన ఊళ్లో ఉమ్మడి మామిడితోట సంగతే ఇక్కడా! మేము ఇచ్చింది మాతో మాట్లాడిన పెద్దాయన ఒక్కరికే.

ఇంకా ఏడేళ్లకు తక్కువ కాకుండా గడువున్న లీజుదారును కూడా యజమానిగానే లెక్కిస్తారు. వ్యవసాయ కౌలుదారు ఉంటే ఆయనకూ నోటీసు ఇవ్వాలి. యజమానుల్లో కొందరి ఆచూకీ దొరకకపోతే సర్టిఫికెట్ సి, ఎవరిదీ దొరకకపోతే డి. ఆ రెండింటికీ స్థానిక పత్రికలో ప్రకటన వేయాలి.

యజమానుల పేర్లు సాధారణంగా ల్యాండ్ రిజిస్ట్రీలో (ప్రభుత్వ భూ రికార్డుల కార్యాలయం) దొరుకుతాయి. ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్టరు నకలు 7 పౌండ్లు. వెతకగానే పైన కనిపించే వెబ్‌సైట్లలో కొన్ని ప్రైవేటువి, అదే కాగితానికి రెట్టింపు పైన గుంజుతాయి. చిరునామాలో గవ్ డాట్ యూకే ఉందో లేదో చూసుకోండి. అడవికి ఇంటి నంబరు ఉండదు కనుక మ్యాపు ద్వారా వెతకండి.

నోటీసు అనగానే కంగారు పడనక్కరలేదు. అది సమాచారం మాత్రమే, వాళ్ల సంతకం అక్కరలేదు. 21 రోజులు ఆగి దరఖాస్తు చేయాలని కొందరు చెబుతారు, అదీ నిజం కాదు. నోటీసు ఇచ్చిన రోజే దరఖాస్తు చేయవచ్చు. ఆ 21 రోజులు వాళ్లు అభిప్రాయం చెప్పుకోవడానికి, అవి గడిచేదాకా కౌన్సిల్ నిర్ణయం ప్రకటించదు. అయితే తెలిసి తెలిసి తప్పుడు ధ్రువపత్రం ఇవ్వడం నేరం. ‘ఏ మీద టిక్కు పెట్టేయండి, ఎవరూ చూడరు’ అనే ఏజెంటు మాట నమ్మకండి. ఇంకో మాట: అనుమతి వచ్చినంత మాత్రాన ఆ బాటలో నడిచే హక్కు రాదు. రైతుతో ఒప్పందం విడిగా రాసుకోవాలి.

బాణం దారికి అడ్డొచ్చిన చెట్లు కొట్టడం వేరే వ్యవహారం. మూడు నెలలకు 5 ఘనమీటర్లు దాటితే సాధారణంగా ఫారెస్ట్రీ కమిషన్ లైసెన్సు కావాలి. కౌన్సిల్ రక్షణ ఉత్తర్వు ఉన్న చెట్టయితే కొమ్మ నరకాలన్నా ముందు అడగాలి.

స్థలం ఒక హెక్టారు, ఆపైన ఉంటే నిర్ణయానికి గడువు 13 వారాలు, లేకపోతే 8. కాగితాలన్నీ సరిగ్గా అందిన రోజు నుంచే ఈ లెక్క మొదలవుతుంది. అప్పటిదాకా ఆ 28 రోజులు వాడుకోండి. అడవిలోకి వెళ్లిన ప్రతి తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి, కౌన్సిల్ నుంచి ఎవరైనా వచ్చి అడిగితే చూపించవచ్చు.