ఆకు తొలిచే పురుగుని చంపే బుల్లి కందిరీగని గుర్తుపట్టడం ఎలా?

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు చిక్కుడు, టమాటా ఆకుల మీద తెల్లటి వంకర గీతలు పడగానే చాలామంది మందు డబ్బా తీస్తారు. కాస్త ఆగండి. ఆ పురుగుని తినే బదనికలు, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్లుండే కందిరీగలు, అప్పటికే గీతలో దూరి ఉండొచ్చు. మందు కొడితే ముందు పోయేవి అవే.

ముందు ఆకుని వెలుతురుకి ఎత్తి, పదిరెట్ల భూతద్దంతో చూడండి. లోపలి పురుగుకి తలా కాళ్ళూ లేకపోతే అది ఈగ పిల్ల, మన టమాటాలో మామూలుగా ఉండే లిరియోమైజా. నిమ్మాకు మీద వెండి గీతైతే చిమ్మట పిల్ల. ఆకు లోపల తొలిచే రంపపు ఈగలు (సాఫ్లై, పేరుకే ఈగలు, నిజానికి కందిరీగల బంధువులు) ఎక్కువగా చలిదేశాల బర్చ్, ఎల్మ్ చెట్లవి. మన ఆవాల మీది రంపపు ఈగ పిల్ల ఆకుని బయటి నుంచే కొరుకుతుంది, దాన్ని ఇందులో కలపకండి.

గీతలో చచ్చిన పురుగు, దాని పక్కన నల్లటి చిన్న ప్యూపా (పిల్ల పురుగు రెక్కల పురుగుగా మారే ముందు దశ), చుట్టూ స్తంభాల్లా నిలబడ్డ నల్ల చుక్కలు కనిపిస్తే డిగ్లైఫస్ అనే బదనిక కందిరీగ అని గట్టిగా అనుమానించొచ్చు.

ఇక పెంచి చూడాలి. ఒక్కో సీసాలో ఒకే పంట ఆకులు, అడుగున టిష్యూ కాగితం, మూతికి పల్చటి గుడ్డ, పైన రబ్బరు బ్యాండు. మూత బిగిస్తే చెమ్మపట్టి బూజొస్తుంది, పుట్టిన కందిరీగలు నీటిచుక్కలకి అంటుకుని చస్తాయి. రాలిన గోధుమరంగు ప్యూపాలని వేరే సీసాలోకి మార్చి, నీడలో రెండు మూడు వారాలు ఉంచండి.

బయటికొచ్చిన దానికి రెండు రెక్కలుంటే ఈగ, నాలుగుంటే కందిరీగ. మెరిసే ఒళ్ళు, మోచేయిలా వంగిన పొట్టి మీసాలు, దాదాపు ఈనెల్లేని రెక్కలు ఉంటే యూలోఫిడ్ అనే కందిరీగల కుటుంబానిది. వాటిలో కొమ్మలు చీలిన మీసాలు కనిపిస్తే హెమిప్టార్సినస్ మగది కావచ్చు. దారాల్లాంటి పొడవు మీసాలు, ఈనెలున్న రెక్కలతో ఈగ ప్యూపాలోంచి వచ్చిందా, అయితే ఓపియస్ లాంటి బ్రాకోనిడ్ కుటుంబపు కందిరీగ. కెనడాలోని ఎడ్మంటన్‌లో బర్చ్ రంపపు ఈగని అదుపు చేసిన లాథ్రోలెస్టెస్ కందిరీగ మాత్రం ఇక్న్యూమోనిడ్ అనే మరో కుటుంబానిది, చూడ్డానికి బ్రాకోనిడ్‌లాగే ఉంటుంది, కాబట్టి ముందు జత రెక్కలో ఒక అడ్డ ఈనె ఎక్కువుందేమో లెక్కపెట్టాలి, ఉంటే ఇక్న్యూమోనిడ్.

ఫోన్ ఫొటో చూసి జాతి పేరు చెప్పేసేవాళ్ళని నమ్మకండి. 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, పంట, ఊరు, తేదీ, ఏ పురుగులోంచి వచ్చిందో పెన్సిల్‌తో రాసి లోపలే పెట్టి, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.