బ్యాంకు వేలంలో ఫ్లాట్ కొంటున్నారా? ముందు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి

బయట 80 లక్షలు పలుకుతున్న ఫ్లాట్ బ్యాంకు వేలంలో 60 లక్షలకే వస్తోందని తెలిస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ఆ 20 లక్షలు ఎందుకు తగ్గిందో ప్రకటనలోనే ఉంటుంది, కాకపోతే చిన్న అక్షరాల్లో. 'సింబాలిక్ పొజెషన్' అని ఉందా, 'ఫిజికల్ పొజెషన్' అని ఉందా అన్నది మొదట చూడండి. ఫిజికల్ అంటే తాళాలు బ్యాంకు దగ్గరున్నట్టు. సింబాలిక్ అంటే గోడకి నోటీసు అంటించి వచ్చారంతే, లోపల మనుషులు కాపురం ఉంటూనే ఉండొచ్చు. వాళ్లని ఖాళీ చేయించాలంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం (అప్పు కట్టనివాళ్ల తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే చట్టం) 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలి. చట్టంలో 30 రోజులు, మహా అయితే 60 రోజులు అని ఉంటుంది గానీ ఆ లెక్క నమ్ముకుని అద్దె ఇల్లు ఖాళీ చేయకండి.

మా బావమరిది కోసం కూకట్‌పల్లి వైపు ఇలాంటిదే ఒకటి చూశాం. బ్యాంకాయన ఫోన్లో "ఖాళీగానే ఉంది సార్" అన్నాడు. ఆదివారం పొద్దున్నే వెళ్తే మూడో అంతస్తులో తలుపుకి తాళమే ఉంది, కానీ గడప ముందు తడి ఆరని ముగ్గు, పక్కన చిన్నపిల్లల చెప్పులు రెండు జతలు. కిందికి దిగి సెల్లార్లో మీటరు బోర్డు దగ్గర చూస్తే ఆ ఫ్లాట్ నంబరున్న మీటరు మీద ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది. వాచ్‌మన్‌ని కదిపితే "మూడేళ్ల నుంచి అద్దెకుంటున్నారు సార్, ఊరెళ్లారు, రేపొస్తారు" అన్నాడు. అసోసియేషన్ వాళ్లని అడిగితే మెయింటెనెన్స్ బాకీ లక్షా 40 వేలు తేలింది. అక్కడితో వదిలేశాం. అద్దెకున్నవాళ్లు తనఖా కంటే ముందే సరైన లీజు రాయించుకుని ఉంటే గడువు తీరేదాకా కదిలించడం మహా కష్టం, అది కూడా అడిగి తెలుసుకోండి.

బాకీల సంగతి బ్యాంకు పట్టించుకోదు. 'ఉన్నది ఉన్నట్టు, ఎక్కడున్నది అక్కడే' అన్న షరతు మీద అమ్ముతుంది కాబట్టి ఇంటి పన్ను, నీళ్ల బిల్లు, మెయింటెనెన్స్ అన్నీ మీరే వాకబు చేసుకోవాలి. పాత ఓనర్ ఎగ్గొట్టిన కరెంటు బకాయి కూడా, సరఫరా నిబంధనల్లో అలా ఉంటే, కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు మీ దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక కాగితాలు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయండి, తనఖాలు నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో వెతకండి, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) లాయరుకి చూపించండి. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అన్నీ కరెక్టే అనుకోవద్దు, ఆ లోనే కదా మునిగింది! హైదరాబాద్ అయితే ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ కాదు కదా, చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దులో) లేదు కదా అని తప్పకుండా చూసుకోండి.

అప్పు తీసుకున్నాయన డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లాడేమో కూడా చూడాలి, అవి హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఉన్నాయి, పేరుతో ఆన్‌లైన్లో వెతకొచ్చు. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఆయనకి లేదు, 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కానీ నోటీసుల్లోనో గడువుల్లోనో బ్యాంకు తప్పు చేసి ఉంటే వేలమే రద్దు కావచ్చు, అప్పుడు మీ డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుందో చెప్పలేం.

అసలు టెన్షన్ డబ్బుది. 60 లక్షలకి పాట మీ పేరున ఆగిందనుకోండి. మామూలుగా ఈఎండీ (పాటలో పాల్గొనడానికి కట్టే ధరావతు) కింద రిజర్వ్ ధరలో, అంటే బ్యాంకు పెట్టిన కనీస ధరలో, పదో వంతు ముందే కట్టి ఉంటారు. దాంతో కలిపి పాట ధరలో నాలుగో వంతు, అంటే 15 లక్షలు, ఆ రోజే లేదా మర్నాటి పనిదినానికల్లా పడాలి. మిగతా 45 లక్షలు సేల్ ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. గడువు పెంచడానికి బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు, అదీ మూడు నెలలు దాటకూడదు. కట్టలేకపోతే ముందు కట్టింది పోయినట్టే. 15 రోజుల్లో హోమ్ లోన్ చేతికి రావడం చాలా అరుదు, అందుకే పాటకి ముందే శాంక్షన్ మాట్లాడి పెట్టుకోండి. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే ఒక శాతం టీడీఎస్ (ధరలోంచి మినహాయించి కట్టే ఆదాయపు పన్ను) మీరే కట్టాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు దానికి అదనం.

పాటలో కూర్చునే ముందు మీ గరిష్ఠ ధర ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి, చివరి ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు పెంచుతూనే ఉంటారు, పెంచినప్పుడల్లా ఆన్‌లైన్ పాట సమయం ఇంకాస్త పొడిగిస్తూనే ఉంటారు.

అన్నీ కుదిరి సేల్ సర్టిఫికెట్ (మీకు అమ్మినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం) వస్తే, తాళాలిచ్చే రోజు బ్యాంకు వాళ్ల ఎదుటే గదులన్నీ వీడియో తీయండి, మీటర్ రీడింగ్ రాసుకోండి, లోపల సామాను ఏమైనా మిగిలుంటే లిస్టు రాయించి సంతకం పెట్టించుకోండి. తాళాలు బాగుచేసే అతన్ని వెంట తీసుకెళ్లి, కొత్త లాక్ బిగించాకే అక్కడి నుంచి కదలండి.