పాత రోడ్ సైకిలుకు మంచుకాలపు వెడల్పు టైర్లు: ముందు చూసుకోవలసినవి

మినియాపొలిస్, టొరంటో వంటి ఊళ్లలో తొలి మంచు పడకముందే ఈ కొలతలు తీసుకోండి.

– టైర్లు కొనకముందే, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కవ) కిందా, వెనుక చెయిన్‌స్టేల (పెడళ్ల ఇరుసు నుంచి వెనుక చక్రం దాకా వెళ్లే రెండు గొట్టాల) మధ్యా కొత్త టైరుకు ఇరువైపులా 5 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల బోల్టు తాళం) సులువుగా దూరేంత సందు మిగులుతుందో లేదో చూడండి. అక్కడ మంచు గడ్డకట్టి ముందు చక్రం బిగుసుకుపోతే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. సందు చాలకపోతే 32 మి.మీ. వెడల్పు టైరు ఆశ వదులుకుని 28 మి.మీ. టైరుతో సరిపెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

– మడ్‌గార్డులకు చోటు వేరుగా లెక్కించండి.

– పాత 27 అంగుళాల చక్రాలు తీసి 700సి (వాటికన్నా కాస్త చిన్న కొలత) చక్రాలు వేస్తే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి, లేకపోతే అవి టైరును ఒరిసి కోసేస్తాయి.

– ఉక్కు ఫ్రేములోని అల్యూమినియం సీటుపోస్టుకు (సీటును మోసే గొట్టానికి) గ్రీజు రాయండి. లేకపోతే రోడ్డుపై చల్లే ఉప్పుకు ఆ పోస్టు ఫ్రేములోనే అతుక్కుపోతుంది.